స్పితాక్ భూకంపం: కౌమారుల మానసిక ఆరోగ్యం

1988 డిసెంబరు 7న ఉదయం 11.41కి సోవియట్ ఆర్మేనియా ఉత్తర ప్రాంతాన్ని 6.8 తీవ్రత గల భూకంపం కుదిపేసింది. కనీసం 25,000 మంది చనిపోయారు. అది బడి వేళ. ఎందరో పిల్లలు తరగతి గదుల్లోనే శిథిలాల కింద చిక్కుకుపోయారు.

ఏడాదిన్నర తర్వాత మనోవైద్యుడు ఆర్మెన్ గోయెంజియాన్ బృందం స్పితాక్, గ్యుమ్రీ (భూకంపం నాటికి లెనినకాన్), యెరెవాన్ నగరాల్లోని కౌమారులను పరిశీలించింది. భూకంప కేంద్రానికి దగ్గరున్న స్పితాక్‌లో బాధ అతి తీవ్రంగా కనిపించింది, దూరంగా ఉన్న యెరెవాన్‌లో తక్కువ. పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, వాటితోపాటు పోయినవాళ్ల గురించిన దిగులు. భయం, దుఃఖం ఒకదాన్నొకటి తగ్గనివ్వవు కనుక రెండింటినీ కలిపే చూడాలి.

రోజులు గడిస్తే అన్నీ సర్దుకుంటాయన్న ధీమా ఇక్కడ చెల్లలేదు. గ్యుమ్రీలో ఎన్నో కుటుంబాలు 'దొమిక్' అనే తాత్కాలిక గూళ్లలో, కొన్ని ఇనుప కంటైనర్లలోనే, ఏళ్ల తరబడి చలికాలాలు గడిపాయి. గడప దాటితే కూలిన గోడలే. అలాంటి చోట గతాన్ని మరవమని పిల్లలకు చెప్పడం అన్యాయం.

కొన్ని బడుల్లో తరగతి బృందాలతోనూ, విడివిడిగానూ స్వల్పకాలిక మానసిక చికిత్స చేశారు. భూకంపం జరిగిన మూడేళ్లకు చూస్తే, చికిత్స పొందినవారిలో భయాందోళన లక్షణాలు బాగా తగ్గాయి. కుంగుబాటు తగ్గలేదు గానీ పెరగలేదు, అదీ చిన్న మేలు కాదు. చికిత్స అందని పిల్లల్లో రెండూ ముదిరాయి.