ఆర్కుట్ ఖాళీ అయిన తీరు

2005 తర్వాత ఇంజనీరింగ్ చదివిన మా బ్యాచ్ వాళ్ళనెవరినైనా అడగండి, ఆర్కుట్‌లో ఎందుకు చేరావని. "అందరూ ఉన్నారని" అంటారు. మరి ఎందుకు మానేశావంటే, "అందరూ వెళ్ళిపోయారని."

ఈ జవాబు వినడానికి తెలివితక్కువగా ఉంటుంది కానీ, నా ఉద్దేశంలో అసలు చరిత్ర ఇదే. 2004 జనవరిలో ఆర్కుట్ మొదలైనప్పుడు లోపలున్నవాళ్ళు పిలిస్తేనే ప్రవేశం. అది హాస్టళ్ళ దాకా వచ్చి, సెలవులకి ఇంటికొచ్చిన కుర్రాళ్ళ వెంట కనిగిరి నెట్ సెంటర్లకి చేరింది. స్క్రాప్ ఒకరికి రాస్తే ఊరంతా చదివేది. మన ప్రొఫైల్ ఎవరు చూసిపోయారో చెప్పేది (దానివల్ల ఎన్ని ప్రేమలు మొదలయ్యాయో, ఎన్ని ఆగాయో!). టెస్టిమోనియల్ రాయమని ఒకళ్ళనొకళ్ళం బతిమాలుకునేవాళ్ళం.

2010 జులై నాటి కామ్‌స్కోర్ లెక్కల్లో మన దేశంలో ఫేస్‌బుక్‌కి 2.09 కోట్ల మంది, ఆర్కుట్‌కి 1.99 కోట్ల మంది. ఫేస్‌బుక్ మెరుగైంది కాబట్టి గెలిచిందంటారు. నాకంత నమ్మకం లేదు. 2013లో జ్యూరిక్ పరిశోధకులు డేవిడ్ గార్సియా బృందం ఫ్రెండ్‌స్టర్‌కి శవపరీక్ష లాంటిది చేసింది. వాళ్ళు చెప్పింది స్థూలంగా ఇది: ఉండటంలో విసుగు కాస్త పెరిగితే ముందు తక్కువ స్నేహాలున్నవాళ్ళు పోతారు. వాళ్ళు పోగానే ఇంకొందరికి స్నేహాలు తగ్గి వాళ్ళూ లేస్తారు. మీకు వందమంది మిత్రులున్నా, ఆ వందమందికీ వేరే ఎవరూ లేకపోతే మీ సంగతీ అంతే.

కనిగిరి వైపు వాళ్ళకి ఇది అర్థం కావడానికి గ్రాఫ్ థియరీ అక్కర్లేదు. వానల్లేని ఏడు ఊరు ఒక్కసారిగా ఖాళీ అవదు. పక్కింటికి తాళం పడ్డాక మనింటి తాళం వెతుక్కుంటాం. తేడా ఏంటంటే ఆర్కుట్‌లో ఎవరూ తాళం కూడా వెయ్యలేదు. హైదరాబాద్, బెంగళూరు ఉద్యోగాలకి వెళ్ళినవాళ్ళు ఆఫీసు స్నేహాల కోసం ఫేస్‌బుక్‌లో చేరారు, ఇక్కడికి రావడం మానేశారు, అంతే.

ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతపడింది. మా క్లాస్‌మేట్ ఒకడు 2009లో బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. చాన్నాళ్ళు వాడి స్క్రాప్‌బుక్‌లో రాస్తూనే ఉన్నాం, పుట్టినరోజుకి, రిజల్ట్స్ వచ్చిన రోజు, ఊరికే కూడా. మూతకి రెండేళ్ళ ముందే అది ఆగిపోయింది. అక్కడ చివరగా ఉన్నది ఎవరో తన లిస్టులో అందరికీ కలిపి పంపిన దీపావళి శుభాకాంక్షలు.