నమ్మకం నుంచి జాబ్ కార్డు వరకు: వాహన మరమ్మతులు, వినియోగదారు హక్కుల చరిత్ర

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు: మరమ్మతుకిచ్చిన వస్తువు విషయంలో యజమానికి ఉన్న హక్కుకు మూలం ఎక్కడుంది, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఆ హక్కు ఏయే దశలు దాటి వచ్చింది, 1986, 2019 వినియోగదారుల రక్షణ చట్టాలు తెచ్చిన మార్పు ఏమిటి, సగం చేసిన పనికి పూర్తి బిల్లు వేసినప్పుడు వాహన యజమాని ఏం చేయవచ్చు.

1. ప్రస్తావన

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, ఉద్యమాలు మీకు గుర్తుకొస్తాయి. కానీ ఒక కారు యజమాని సర్వీస్ సెంటర్ కౌంటరు ముందు నిలబడి, "ఈ పని చేయకుండానే బిల్లు ఎందుకు వేశారు?" అని అడగగలగడం వెనుక కూడా సుమారు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఈ పాఠంలో ఆ చరిత్రను మూడు పట్టణాల నేపథ్యంలో పరిశీలిద్దాం. చదువుతున్నప్పుడు ఒక విషయం గమనించండి. యజమాని హక్కు పాతదే. కాలంతోపాటు మారినవి రెండు: ఆ హక్కును నిరూపించే సాక్ష్యం ఎవరి చేతిలో ఉంది, దాని కోసం మనిషి ఎంత దూరం పోవాలి.

2. ఒకే దారి, రెండు చట్టాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ పూర్వం నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యంలో, నల్గొండ జిల్లాలో ఉండేవి. సూర్యాపేట నుంచి కోదాడ వెళ్లే దారిలో మునగాల వస్తుంది. మునగాల పరగణా చుట్టూ నిజాం ప్రాంతమే ఉన్నా, అది మాత్రం బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లాకు చెందేది. అంటే ఒకే దారిలో పోయే బండి కొంతదూరం నిజాం చట్టం కింద, కొంతదూరం బ్రిటిష్ ఇండియా చట్టం కింద నడిచేది.

బ్రిటిష్ ఇండియాలో 1872 నాటి భారత ఒప్పందాల చట్టం అమలులో ఉండేది. ఒక వస్తువును ఒక పని కోసం మరొకరికి అప్పగించి, పని పూర్తయ్యాక తిరిగి తీసుకోవడాన్ని ఈ చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. మరమ్మతుకిచ్చిన వాహనం దీనికి చక్కని ఉదాహరణ. 151వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన వస్తువును మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నట్టే చూసుకోవాలి. 170వ సెక్షన్ పనిచేసిన వారికి కూడా ఒక హక్కు ఇచ్చింది. శ్రమ, నైపుణ్యం పెట్టి పనిచేసినవారు కూలి అందేదాకా ఆ వస్తువును తమ దగ్గర ఆపుకోవచ్చు. అయితే ఒప్పుకున్న పనిని ఒప్పుకున్న ప్రకారం చేసి ఉండాలన్నది అందులోని షరతు. ఈనాటికీ "బిల్లు కడితేనే కారు" అనే మాటకు ఆధారం ఈ సెక్షనే. ఆ మాటకున్న హద్దు కూడా ఇదే.

హైదరాబాద్ రాజ్యం 1948లో భారత యూనియన్‌లో కలిసింది. 1951లో వచ్చిన పార్ట్ బి రాష్ట్రాల చట్టాల శాసనంతో 1872 చట్టం ఈ ప్రాంతానికీ వర్తించింది. దారి పొడవునా చట్టం ఒకటైంది.

3. షెడ్డు కాలం

ఈ ప్రాంతంలో వాహనాలు పెరగడానికి కారణాలు మీకు తెలిసినవే. నిజాం ప్రభుత్వ రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. తరువాతి కాలంలో హైదరాబాద్–విజయవాడ రహదారి సూర్యాపేట, కోదాడలకు జీవనాధారమైంది. పూర్వం తొమ్మిదో నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి ఇదే. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద వరి పెరిగి, మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణంగా ఎదిగింది. ధాన్యం, బియ్యం, సిమెంటు మోయడానికి లారీలు వచ్చాయి. లారీల వెంట మెకానిక్ షెడ్లు వచ్చాయి.

షెడ్డులో పని యజమాని కళ్లముందే జరిగేది. డ్రైవరు పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఇంజను విప్పినప్పుడు అరిగిన సామాను చేతికిచ్చి చూపించేవారు. అలాగని మోసం లేదని కాదు. పాత సామానుకు రంగు వేసి బిగించడం, డూప్లికేట్ సామానును కంపెనీ డబ్బాలో పెట్టి ఇవ్వడం అప్పుడూ ఉన్నాయి. కానీ ఒక మేస్త్రీ మోసం చేస్తే ఆ మాట సాయంత్రానికల్లా లారీల అడ్డాలో పాకేది. పేరు పోతే పని పోయేది. పెద్దమనుషులు కూర్చుని డబ్బు తిరిగి ఇప్పించేవారు.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. పలుకుబడి ఊరివారికే పనికొచ్చేది. దారిన పోతూ బండి చెడిపోయి ఆగిన పరాయి ఊరి మనిషికి అడ్డా లేదు, పెద్దమనుషులు లేరు. అతనికి మిగిలింది సివిల్ కోర్టు. వందల రూపాయల బిల్లు కోసం కోర్టు ఫీజు, వకీలు ఫీజు కట్టి ఏళ్ల తరబడి తిరిగేవారు ఎవరుంటారు? అందువల్ల 1872 నాటి హక్కు చాలామందికి కాగితం మీదే ఉండిపోయింది.

4. డీలర్ కాలం

1983 డిసెంబర్ 14న తొలి మారుతి 800 కారు కొనుగోలుదారు చేతికి అందింది. అంతవరకు అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లదే రాజ్యం. మారుతి రాకతో, తరువాత 1991 ఆర్థిక సంస్కరణలతో కార్ల సంఖ్య, రకాలు పెరిగాయి. కాలుష్య ప్రమాణాలు కఠినమయ్యే కొద్దీ కార్బురేటర్ పోయి ఎలక్ట్రానిక్ ఇంధన వ్యవస్థ, సెన్సార్లు, కంప్యూటర్ వచ్చాయి. లోపం ఎక్కడుందో చెవితో విని చెప్పే మేస్త్రీ స్థానంలో స్కానర్ వచ్చింది.

దీనితో పాటు పనిచేసే చోటూ మారింది. ఇప్పుడు యజమాని ఏసీ గదిలో కూర్చుంటాడు. కారు లోపలి బేలోకి వెళుతుంది. మాట్లాడేది సర్వీస్ అడ్వైజర్, పనిచేసేది మరొకరు. ఏ భాగం మార్చారో యజమానికి తెలిసేది బిల్లు చూశాకే. షెడ్డులో కంటికి కనిపించిన సాక్ష్యం డీలర్ కాలంలో కాగితం మీదికి మారింది.

బయటి మెకానిక్ దగ్గరికి పోదామన్నా దారి ఇరుకే. కార్ల కంపెనీలు అసలు స్పేర్ పార్టులు, స్కానింగ్ పరికరాలు, సాంకేతిక సమాచారం బయటివారికి అందనివ్వడం లేదని భారత పోటీ కమిషన్ తేల్చింది. 2014 ఆగస్టు 25న 14 కంపెనీలకు కలిపి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. తరువాత అప్పీలులో జరిమానా తగ్గింది. అయినా సమాచారం ఒకరి గుప్పిట్లో ఉంటే బేరం సమానంగా ఉండదన్న సంగతి ఈ ఉత్తర్వుతో అధికారికంగా నమోదైంది. అమెరికాలోనూ ఇదే వివాదం నడిచింది. అక్కడి మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లో ఓటు వేసి వాహనాల మరమ్మతు హక్కును సమర్థించారు. మన దేశంలో 2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది.

5. 1986 చట్టం

1984లో గుత్త వ్యాపారాల చట్టాన్ని సవరించి, అనుచిత వ్యాపార పద్ధతులను దాని పరిధిలోకి తెచ్చారు. కానీ ఆ కమిషన్ న్యూఢిల్లీలో ఉండేది. మిర్యాలగూడ మనిషికి అది అందని ద్రాక్షే.

1986 డిసెంబర్ 24న వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. అందుకే ఆ తేదీని జాతీయ వినియోగదారుల దినోత్సవంగా పాటిస్తున్నాం. ఈ చట్టం జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలలో మూడంచెల వ్యవస్థను ఏర్పరచింది. మూడు పట్టణాల వారికీ నల్గొండలోని జిల్లా ఫోరం అందుబాటులోకి వచ్చింది. వకీలు లేకుండానే ఫిర్యాదు చేసుకునే వీలు కలిగింది.

ఈ చట్టంలో మీరు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన మాట "సేవాలోపం". డబ్బు తీసుకుని చేస్తామన్న పనిని సరిగా చేయకపోవడం, అరకొరగా చేయడం సేవాలోపమే. దీన్ని నిరూపించడానికి ఎదుటివారి మనసులో దురుద్దేశం ఉందని చూపనక్కర్లేదు. మోసమని ఆరోపిస్తే ఉద్దేశాన్ని కూడా నిరూపించాలి. "పని చేయలేదు, డబ్బు తీసుకున్నారు" అంటే బిల్లు, వాహనం రెండూ చాలు. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ చాలా ఫిర్యాదుల గెలుపోటములు దీనిమీదే ఆధారపడతాయి.

6. న్యాయస్థానాలు గీసిన హద్దులు

చట్టంలోని మాటలకు తీర్పులు రూపమిచ్చాయి. మూడింటిని చూద్దాం.

వ్యాపార అవసరానికి కొన్నవారు ఈ చట్టం కింద వినియోగదారులు కారు. మరి సొంత లారీ నడుపుకునే కోదాడ డ్రైవరు సంగతేమిటి? 1993 సవరణ స్వయం ఉపాధితో బతికేవారికి మినహాయింపునిచ్చింది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరించింది. బతుకుదెరువు కోసం ఆటో లేదా లారీ కొని తానే నడుపుకునే వ్యక్తి వినియోగదారుడే అని చెప్పింది. ఇరవై లారీలు కొని జీతగాళ్లతో నడిపించే యజమాని పరిస్థితి వేరు.

రెండవది 2006 నాటి మారుతి ఉద్యోగ్ కేసు. క్లచ్ లోపమున్న కారుకు బదులు కొత్త కారు ఇవ్వాలన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు మార్చింది. వారంటీ ప్రకారం లోపమున్న భాగాన్ని మార్చాలని, దానికి తోడు 50,000 రూపాయలు చెల్లించాలని చెప్పింది. కాబట్టి ప్రతి లోపానికీ కొత్త బండి రాదని మీరు గ్రహించాలి.

మూడవది 2021 నాటి టాటా మోటార్స్ కేసు. డీలర్ చేసిన తప్పు కంపెనీకి తెలుసని చూపనిదే కంపెనీని బాధ్యురాలిని చేయలేమని సుప్రీంకోర్టు పేర్కొంది. వారిద్దరి మధ్య ఉన్నది విడివిడి వ్యాపారుల సంబంధమని వివరించింది. అందువల్ల ఫిర్యాదులో ఎవరు ఏం చేశారో విడివిడిగా రాయడం అవసరం.

7. 2019 చట్టం

2019 చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. 1986 చట్టం కింద, ఎదుటిపక్షం వ్యాపారం చేసే చోట లేదా వివాదం పుట్టిన చోట మాత్రమే ఫిర్యాదు చేయాలి. హైదరాబాద్‌లో కారు బాగుచేయించుకున్న కోదాడ నివాసి హైదరాబాద్ చుట్టూ తిరగవలసి వచ్చేది. కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోట అధికారం గల జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట, కోదాడలు కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉంది. ఇంటి చిరునామాకు ఇప్పుడు ప్రాధాన్యం పెరిగింది.

బిల్లు ఇవ్వకపోవడాన్ని కూడా ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదు రుసుము లేదు. వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతున్నా, ఆచరణలో ఆలస్యాలు తప్పడం లేదు. కాబట్టి ముందు డీలర్ దగ్గరే తేల్చుకునే ప్రయత్నం చేయడం మంచిది.

8. ఆచరణలో

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. కోదాడలో సొంత ట్యాక్సీ నడుపుకునే వ్యక్తి సూర్యాపేటలోని ఒక సర్వీస్ సెంటర్‌లో బ్రేకులు బాగుచేయించాడు. బిల్లులో కొత్త బ్రేక్ ప్యాడ్ల ధర ఉంది. పది రోజులకే బ్రేకులు కీచుమన్నాయి. మిర్యాలగూడలో మరో మెకానిక్ చక్రం విప్పి, పాత ప్యాడ్లే ఉన్నాయన్నాడు. ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు. జాతీయ రహదారిపై ప్రయాణికుల ప్రాణాల సంగతి.

అతను కోపంతో అక్కడే కొత్త ప్యాడ్లు వేయించుకుంటే సాక్ష్యం పోయినట్టే. ముందు కిలోమీటర్ల రీడింగు కనిపించేలా ఫోటోలు తీయాలి, చూసిన మెకానిక్ చేత రాతపూర్వకంగా నివేదిక తీసుకోవాలి. పాత ప్యాడ్లతో బండిని నడపకూడదు. విప్పిన ప్యాడ్లను భద్రపరచాలి. తరువాత జాబ్ కార్డు, బిల్లు నకళ్లు జతచేసి సర్వీస్ మేనేజర్‌కు ఉత్తరం రాయాలి, ఒక ప్రతిని కంపెనీకి పంపాలి. ఏం కావాలో, ఎన్ని రోజుల్లో కావాలో స్పష్టంగా అడగాలి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అప్పటికీ తేలకపోతే కమిషన్‌ను ఆశ్రయించాలి. లోపం సరిదిద్దమని, డబ్బు వాపసు ఇవ్వమని, నష్టపరిహారం, ఖర్చులు చెల్లించమని కమిషన్ ఆదేశించగలదు.

అయితే అతని బలం ఎంతో నిర్ణయమయ్యేది కారు అప్పగించిన రోజునే. జాబ్ కార్డులో సమస్యను అడ్వైజర్ మాటల్లో కాక తన మాటల్లో రాయించాడా? ఎస్టిమేట్ తీసుకున్నాడా? అదనపు పనికి ముందుగా అడగాలని రాయించాడా? డబ్బు కట్టి మార్పించిన పాత భాగాలను చూపమన్నాడా? "పని తృప్తికరం" అన్న చోట బండి నడిపి చూశాకే సంతకం పెట్టాడా? అత్యవసరంగా బండి కావలసి వచ్చి బిల్లు కట్టవలసి వస్తే, "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని బిల్లు మీద రాయవచ్చు. ప్రతి లోపమూ మోసం కాదు. పొరపాటును ఒప్పుకుని సరిదిద్దే డీలర్లూ ఉంటారు. కాగితం ఉంటే వారికీ పని సులువవుతుంది.

9. సారాంశం

ఒప్పుకున్న పని చేయాలన్న నియమం 1872లోనే ఉంది. షెడ్డు కాలంలో సాక్ష్యం కంటిముందు ఉన్నా, కోర్టు దూరంగా ఉండేది. డీలర్ కాలంలో సాక్ష్యం అద్దాల వెనక్కి పోయింది. అదే కాలంలో న్యాయం ఢిల్లీ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి ఇంటి చిరునామాకు దగ్గరైంది. దూరాన్ని చట్టం తగ్గించింది. సాక్ష్యాన్ని కాపాడుకునే పని మాత్రం యజమానిదే. ఆ పని జాబ్ కార్డుతో మొదలవుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. మరమ్మతు చేసినవారు వాహనాన్ని ఆపుకునే హక్కుకు 170వ సెక్షన్ పెట్టిన షరతు ఏమిటి?

2. సేవాలోపాన్ని నిరూపించడానికీ మోసాన్ని నిరూపించడానికీ తేడా ఏమిటి?

3. ఫిర్యాదు చేసే చోటు విషయంలో 1986, 2019 చట్టాలను పోల్చండి.

4. మీ ఇంట్లో ఉన్న ఏదైనా వాహనం పాత సర్వీస్ బిల్లును తీసి చూడండి. అందులో రాసిన ప్రతి పనీ జరిగిందని ఏ ఆధారంతో చెప్పగలరు?