ఆదవాని కఠారులు: చుక్కల రాతలు, జన్మస్థాన నిర్ణయం

చంద్రగిరి నుంచి విజయనగర సింహాసనానికి ఎదిగిన సాళువ నరసింహరాయల (1485–1491) వంశ బిరుదులలో 'కఠారి సాళువ' ప్రసిద్ధమైనది. సాళువ అంటే వేటడేగ. పినవీరభద్రుని జైమిని భారతాన్ని అంకితంగా పొందిన ఈ ప్రభువు బిరుదులో డేగ పక్కన నిలిచిన కఠారి, సాహిత్య విద్యార్థులకు బిరుదుగా పరిచితమైనంతగా వస్తువుగా పరిచితం కాదు. అది నరికే కత్తి కాదు, పొడిచే కత్తి. రెండు సమాంతరపు పట్టీల నడుమ అడ్డంగా అమర్చిన పిడిని పిడికిట పడితే అలుగు ముంజేతికి కొనసాగింపుగా ముందుకు నిలుస్తుంది. దక్షిణాది కఠారులలో పలువాటికి చేతి వెనుక భాగాన్ని కప్పే రేకు కూడ ఉంటుంది. ఆ రేకు అంచున, పట్టీల మీద యాళి ముఖాలు, పద్మాలు కనిపిస్తాయి.

ఇటువంటి కఠారి ఒకటి దొరికినపుడు అది ఎక్కడిదో తేల్చడమెట్లు? రాయలసీమకు సంబంధించినంతవరకు ఈ ప్రశ్నకు మంచి ఆధారం రాజస్థానంలో ఉంది. బికనేరు ఆయుధాగారం నుంచి వచ్చిన కత్తులు, కఠారులు, కవచాలలో కొన్నిటిపై ఉలిమొనతో చుక్కలు చుక్కలుగా పొడిచిన దేవనాగరి రాతలున్నాయి. వాటిలో మహారాజా అనూప్ సింగ్ పేరు, ఆదవాని పేరు, విక్రమ సంవత్సరం కనిపిస్తాయి. విక్రమ సంవత్సరం నుంచి 57 తీసివేస్తే క్రీస్తు శకం వస్తుంది. 1746 అంటే 1689–90. ఔరంగజేబు సైన్యం 1688లో సిద్ది మసూద్ చేతిలోని ఆదవాని కోటను వశపరచుకొన్నది. మొగలుల కొలువులో ఉన్న అనూప్ సింగ్ 1698లో ఆదవానిలోనే మరణించాడు. చరిత్రకు, చుక్కల రాతకు ఇక్కడ పొత్తు కుదిరింది.

లిపి దేవనాగరి, ఆయుధాగారం బికనేరు. ఇంతమాత్రం చూసి 'రాజస్థానీ కఠారి' అని చీటీ అతికిస్తే రాయలసీమ సొత్తు పరాయిదైపోతుంది. అట్లని ఆదవాని పేరున్నదే చాలునని, దానిని ఆదవాని కమ్మరి పనితనంగా ప్రకటించడమూ తొందరపాటే. ఆ రాత కమ్మరిది కాదు, ఆయుధాగారపు లెక్కగానిది. వస్తువు ఎక్కడ పట్టుబడిందో, ఎవరి భాండారానికి చేరిందో చెబుతుంది. ఎక్కడ పుట్టిందో చెప్పదు. తళ్ళికోట యుద్ధం (1565) తరువాత కొద్దికాలానికే ఆదవాని బిజాపురం వశమై, నూరేళ్ళకు పైగా ఆ ఏలుబడిలో ఉంది. కనుక అక్కడ దొరికినది విజయనగరం నాటిది కావచ్చు, ఆదిల్‌షాహీ కొలువు కోసం చేసినదీ కావచ్చు. యాళి ముఖం కూడ వివాదాన్ని తీర్చదు, రాజు మారినంత మాత్రాన కమ్మరి మారడు గదా. ఆ రాత ఖాయంగా ఇచ్చేది పైహద్దు ఒక్కటే: వస్తువు 1689 నాటికే తయారై ఉంది. ఆ హద్దు దొరికిన తరువాత, రాత లేని అదే తీరు కఠారులను దీని పక్కన ఉంచి పోల్చవచ్చు. తంజావూరు కఠారుల విషయంలో ఈ పోలిక మరీ అవసరం. 1855లో కంపెనీ పాలన కిందికి వచ్చిన తంజావూరు ఆయుధాగారం క్రమంగా చెదిరి, చాలా భాగం పాత ఇనుముగా అమ్ముడుపోయింది. కొంత మద్రాసు మ్యూజియానికి చేరింది. నిల్వ చేసిన చోటును బట్టి నేటికీ వాటిని 'తంజావూరువి' అంటున్నారు. తెలుగు నాయకరాజుల తంజావూరు విజయనగరపు సామంతరాజ్యమే గనుక ఆ పేరు వెనుక ఇంకా విశాలమైన భూగోళం ఉండక తప్పదు.

అలుగు మీద గుర్తుల కథ వేరు. ఐరోపా కత్తులను పొట్టిగా కోసి, దేశీయమైన పిడికి రివెట్లతో బిగించిన కఠారులున్నాయి. పరుగెత్తే తోడేలు పస్సౌ, జోలింగెన్ పట్టణాల కమ్మరుల గుర్తు. పండ్లున్న నెలవంకల జంట జెనోవాది. అయితే కొనుగోలుదారులకు ఈ గుర్తుల మీద ఎంత మోజంటే, మన కమ్మరులు వాటిని అచ్చంగా అనుకరించారు. గుర్తుతోబాటు ఇనుపపని, గాడుల తీరు సరిపోలితేనే అలుగు విదేశీయమని నమ్మవచ్చు. అప్పటికీ పిడి ఇక్కడిదే.

పదాల విషయంలోనూ ఇటువంటి చిక్కే. ఐరోపా అలుగున్న కత్తిని మరాఠీ ప్రాంతంలో 'ఫిరంగి' అన్నారు. తెలుగులో ఆ మాట తుపాకిమందుతో గుండు పేల్చే పెద్ద ఆయుధానికి స్థిరపడింది. మరాఠీ పత్రాలలోని ఆయుధాల పట్టికను తెలుగులోకి తెచ్చేవారు ఆ మాటను యథాతథంగా దింపితే, నడుమున వ్రేలాడే కత్తి కోటబురుజు మీదికెక్కి కూర్చుంటుంది.