గాజుపలక మీది ముద్ర

స్లైడు అన్న మాట తెలుగువాడికి కంప్యూటరుతో రాలేదు, సినిమాహాలుతో వచ్చింది. తాండవ నదికి ఈవల తునిలోనైనా, ఆవల పాయకరావుపేటలోనైనా, ఆట మొదలయ్యే ముందు తెర మీద వరుసగా నిలిచేవి స్లైడులే: బట్టల కొట్టు, పళ్ళపొడి, పొగ త్రాగరాదన్న హెచ్చరిక, రాబోయే చిత్రం. మాజిక్ లాంతరు కాలం నుంచి వచ్చిన బ్రిటిషు కొలత ప్రకారం ఆ గాజుపలక మూడుంపావు అంగుళాల చదరం. దానిని తలక్రిందులుగా దూర్చితేనే తెర మీద నిటారుగా నిలిచేది. ఆపరేటరు ఏమరుపాటున తిన్నగా పెట్టేస్తే కొట్టు యజమాని పేరు శీర్షాసనం వేసేది. నేల తరగతి వారికి అదొక అదనపు వినోదం.

గాజు మీద వ్రాసేవాడికి కాగితం మీద వ్రాసేవాడికి తెలియని సంగతి ఒకటి తెలుసు. కాగితం మీద తెలుపు అంటే ఏమీ లేకపోవడం. గాజు మీద ఏమీ లేకపోతే అది వెలుగు. అంతా వదిలేస్తే తెరంతా భగ్గుమని, మధ్యలోని అక్షరం చిక్కిపోతుంది. అందుకని అతడు పలకనంతా నల్లగా కప్పి, ముద్ర ఉన్న మేరకే వెలుగును పోనిచ్చేవాడు. కొట్టు గుర్తు చీకటిలోంచి పైకి లేచి వచ్చేది. దాని చుట్టూ పెట్టె ఉండేది కాదు.

కంప్యూటరు స్లైడులో పోయినది సరిగ్గా ఈ విద్యే. పవర్‌పాయింట్ 1987లో మెకింటాష్ కోసం వెలువడింది. ఆ ఏడే మైక్రోసాఫ్ట్ దానిని కొనేసింది. మన పరిపాలనలోకి దానిని తెచ్చిన కీర్తి చంద్రబాబునాయుడుది. 1997లో ఢిల్లీలో బిల్ గేట్స్‌కు ఆయన లాప్‌టాప్‌లో స్లైడులు చూపించిన కథ అందరికీ తెలిసిందే. మరుసటి ఏడు మైక్రోసాఫ్ట్ హైదరాబాదుకు వచ్చింది. తరువాత కలెక్టరాఫీసు సమీక్ష నుంచి కళాశాల సెమినారు దాకా స్లైడు లేని సభ లేదు. మూలన ముద్ర లేని స్లైడూ లేదు.

ఆ ముద్రలు వచ్చింది మాత్రం లెటర్‌హెడ్‌ల నుంచి, అంటే తెల్లకాగితం నుంచి. స్కాన్ చేసి జేపెగ్‌గా దాచేవారు. 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్ ఫోటోల కోసం పుట్టింది. దానికి పారదర్శకత తెలియదు. పదునైన అంచు కనబడితే చుట్టూ మసక చుక్కలు చల్లుతుంది. నీలి స్లైడు మూలన తెల్లని పెట్టె, పెట్టెలో ముద్ర, ముద్ర చుట్టూ మురికి. తుని తగవు అన్న నానుడి ఉండనే ఉంది కదా, సగం నీకు, సగం నాకు అని. కాగితానికీ వెలుగుకూ మధ్య అలాంటి తీర్పే ఇది. ఇద్దరికీ న్యాయం జరగలేదు. 1996లో వచ్చిన పీఎన్‌జీ అంచులదాకా మెత్తని పారదర్శకతను ఇచ్చి, గాజుపలక గుణాన్ని తిరిగి తెచ్చింది. మన కార్యాలయాలకు ఆ కబురు చేరడానికి మరో పదేళ్ళు పట్టిందంటే అతిశయోక్తి కాదు.

పెట్టె పోయినంత మాత్రాన ముద్ర చక్కగా కనబడుతుందా? 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన రాజముద్రను చూడండి. అమరావతి శిల్పశైలిలో ధర్మచక్రం, నడుమ పూర్ణఘటం, చుట్టూ త్రిరత్నాలు, ఆకులు, మణులు. మూడు వలయాలలో లోపలి నుంచి వెలుపలికి 48, 118, 148 పూసలు. రాతిమీద అయితే చేతులెత్తి నమస్కరించవలసిన పని. ఇక లెక్క వేద్దాం. 1024 చుక్కల వెడల్పున్న ప్రొజెక్టరు, మూలన 100 చుక్కల ముద్ర. అంచు చుట్టుకొలత సుమారు 314 చుక్కలు. అందులో 148 పూసలు ఇమడాలంటే పూసకూ, దాని ప్రక్కన ఖాళీకీ కలిపి రెండే చుక్కలు! పూసలు కరిగి ఒక గీత అవుతాయి. ఇది చిత్రకారుడి దోషం కాదు. శిల్పాన్ని శిల్పంగానే తలచి గీశారు, మూలన పెట్టే సంగతి ఎవరూ తలచినట్లు లేదు. నిండు ముద్ర మొదటి స్లైడుకు ఉంచి, మిగిలిన వాటికి ఒక్క పూర్ణఘటాన్ని ఒకే రంగులో వాడుకుంటే సరిపోయేది.

తెలంగాణ 2014లో స్వీకరించిన ఏలె లక్ష్మణ్ ముద్ర ఈ విషయంలో కొంత నయం. కాకతీయ తోరణం, దాని నడుమ చార్మినారు. ఎంత కుదించినా ఆ రెండు రూపురేఖలూ మిగులుతాయి. 1971లో శేఖర్ కామత్ స్టేట్ బ్యాంకుకు గీసిన నీలి వృత్తం మరీ ముందుచూపు గలది. ఒక వృత్తం, నడుమ రంధ్రం, క్రిందికి ఒక చీలిక. గోరంత చేసినా అదే, గోడంత చేసినా అదే.

తెలుగు పేరున్న ముద్రలకు మరో గండం ఉండేది. డీటీపీ సెంటరులో అను ఫాంటులో కూర్చిన పేరు అక్కడ ముత్యాల్లా ఉండేది. సభ జరిగే చోటి కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోతే సంస్థ పేరు ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలయ్యేది. తెలిసినవాళ్ళు కోరల్‌డ్రాలో అక్షరాలను ముందే కర్వ్‌లుగా మార్చి ఇచ్చేవారు. అప్పుడది అక్షరం కాదు, బొమ్మ. ఏ యంత్రంలోనూ చెదరదు. యూనికోడు వచ్చాక, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి, దేశికాచార్యులవారి పోతన దొరికాక వచనానికి బెంగ తీరింది. ముద్రలోని పేరుకు మాత్రం కర్వ్‌లే ఈనాటికీ శ్రేయస్కరం.

చివరి దెబ్బ 2013లో తగిలింది. ఆ ఏటి పవర్‌పాయింట్‌తో స్లైడు ఆకారం నాలుగుకు మూడు నుంచి పదహారుకు తొమ్మిదిగా మారింది. పాత స్లైడులను కొత్త తెరకు అడ్డంగా సాగదీసినవారు లెక్కలేనంతమంది. ఉమ్మడి రాష్ట్రం నాటి గుండ్రని ముద్ర కోడిగుడ్డయి, అందులోని పూర్ణకుంభం మూకుడయ్యి కూర్చుంది. పాత ఫైళ్ళు తెరిస్తే ఇప్పటికీ ఆ మూకుడే దర్శనమిస్తుంది.