ఓడపై కావలి

కృష్ణానది విజయవాడ కొండలను దాటగానే డెల్టాలో ప్రవేశిస్తుంది. నది తెచ్చిన ఒండ్రు వలన ఇచ్చటి తీరం పల్లంగాను, సముద్రం చాలా దూరం లోతు తక్కువగాను ఉన్నవి. విశాఖపట్నం వద్ద నావికునికి దూరం నుండే కొండ ఆనవాలుగా కనిపిస్తుంది. దివిసీమ వద్ద అట్టి ఆనవాలు లేదు. నేల కంటబడుసరికి ఓడ అడుగు బురదను తాకవచ్చును.

అయినను ఈ తీరంలో నౌకాయానం అతి ప్రాచీనమైనది. క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలెమీ మైసోలియా రేవులను చెప్పి, ఓడలు ఒడ్డును విడిచి సువర్ణభూమి వైపు నడిసముద్రంలోనికి మళ్లే చోటును కూడా పేర్కొన్నాడు. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనంలో ‘మహానావిక’ అను బిరుదు ఉన్నది.

ఒడ్డు కనుమరుగైన తరువాత ఓడకు రక్షణ కావలివాడే. భూమి గుండ్రంగా ఉండుట చేత, నీటి మట్టానికి 2 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి సుమారు 5 కిలోమీటర్ల వరకే సముద్రం కనిపిస్తుంది. 25 మీటర్ల తెరచాప స్తంభం ఎక్కినచో ఆ దూరం సుమారు 18 కిలోమీటర్లగును. గంటకు 15 కిలోమీటర్లు నడిచే ఓడ 5 కిలోమీటర్లను 20 నిమిషాలలో దాటుతుంది. కావలివాడు ఆ కొద్దిసేపు కునుకు తీసినను ముప్పే.

రాత్రివేళ, మంచులో కన్ను పనిచేయదు. అప్పుడు ఒడ్డున విరిగే అలల హోరును చెవి పట్టవలెను. తాడుకు కట్టిన సీసపు గుండును దించి లోతు కొలిచేవారు. గుండు అడుగున కొవ్వు పూసినందున దానికి అంటుకొని వచ్చిన ఇసుకయో, బురదయో తాము ఎచ్చట ఉన్నదీ తెలిపేది.

తుపాను విషయంలో ఇవియును చాలవు. గాలి రాకమునుపే దూరపు తుపాను నుండి పొడుగాటి అలలు వస్తాయి. భారమితిలో పాదరసం దిగుతుంది. కాని అవి ఒక ఓడకు అందే సూచనలు మాత్రమే. 1864 నవంబరు 1న బందరుపై పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. ముందుగా హెచ్చరించే వ్యవస్థ ఆనాడు లేదు. అంతకు కొద్ది వారాల ముందే కలకత్తా కూడ తుపానుకు గురియైనది. ఈ విపత్తుల పిమ్మట 1865లో కలకత్తా రేవులో తుపాను హెచ్చరికలు మొదలైనవి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినది. ఓడపైని కావలికి ఒడ్డుమీది కావలి తోడైనది.

1972లో రూపొంది 1977లో అమలుకు వచ్చిన అంతర్జాతీయ నియమాల ప్రకారం ప్రతి ఓడయు ఎల్లవేళలా చూపుతోను, వినికిడితోను, అందుబాటులోని అన్ని సాధనాలతోను కావలి ఉండవలెను. రాడారు కూడ ఆ సాధనాలలో ఒకటి. అది కంటికి తోడే కాని బదులు కాదు. ఆనవాలు లేని తీరంలో ఓడ నడిపినవారు కన్నును, చెవిని, గుండును కలిపి వాడినది ఇందుకే.