ముందుగా ఎగిరినవారు

పోయిన సంక్రాంతి సెలవులకి మా చెల్లెలి కొడుకు విజయనగరం నుంచి ఢిల్లీ వచ్చాడు. తొమ్మిదో క్లాసు చదువుతున్నాడు. ఇండియా గేట్, నేషనల్ వార్ మెమోరియల్, ఎర్రకోట చూపించి, ఆంధ్రా భవన్‌లో భోజనం పెట్టించాను. మర్నాడు మా ఇంటికి దగ్గరే కదా అని పాలంలోని ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంకి తీసుకెళ్ళాను. అక్కడ మారుత్ విమానం ముందు ఆగి వాడు ఒక ప్రశ్న వేశాడు.

"మావయ్యా, పైలట్‌కి విమానం నడపడం ఇంకో పైలట్ నేర్పుతాడు కదా. మరి ఎవరూ ఎగరెయ్యని కొత్త విమానాన్ని మొదట ఎగరేసినాయనకి ఎవరు నేర్పారు?"

నేను ఆర్టిలరీలో సిపాయిగా చేరి సుబేదారుగా రిటైరయినవాడిని. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో గన్ను గురించి ఏం అడిగినా చెప్పగలను. ఈ ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు. "తర్వాత చెప్తాన్లే" అని తప్పించుకున్నాను గానీ మనసులో ఉండిపోయింది. ఆ తర్వాత దొరికినవి చదివి, తెలిసిన వైమానిక దళ మిత్రులను అడిగి తెలుసుకున్న సంగతులు మన సభ్యులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మన గన్నర్లకి రేంజ్ టేబుల్ అంటే తెలుసు. ఎంత దూరానికి ఏ చార్జి, ఎంత ఎలివేషన్, గాలికి ఎంత దిద్దుబాటు, చలికి ఎంత దిద్దుబాటు, అన్నీ అందులో అంకెల్లో ఉంటాయి. ఆ పుస్తకాన్ని నమ్మే మన ఇన్‌ఫాంట్రీ వాళ్ళ తలల మీదుగా గుండ్లు కొడతాం. ఆ అంకెలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఒడిశాలో బాలాసోర్ దగ్గర చాందీపూర్ రేంజిలో 1895 నుంచీ తుపాకులనూ గుండ్లనూ పేల్చి చూసి లెక్కలు రాస్తూనే ఉన్నారు. విమానానికి అలాంటి పుస్తకం తయారు చేసేవాడే టెస్ట్ పైలట్. తేడా ఏమిటంటే, కొత్త గన్నుని తాడు కట్టి దూరం నుంచి పేల్చవచ్చు. కొత్త విమానంలో మాత్రం మనిషి కూర్చోవాలి.

మారుత్ కథ దీనికి మంచి ఉదాహరణ. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, 1951లో, బెంగుళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీలో డాక్టర్ వి.ఎం.ఘాటగే గారి బృందం తయారు చేసిన హెచ్.టి.-2 శిక్షణ విమానం ఎగిరింది. దాని తర్వాత మనవాళ్ళు ఏకంగా జెట్ యుద్ధ విమానానికే పూనుకున్నారు. అందుకోసం 1956లో కుర్ట్ టాంక్ అనే జర్మన్ డిజైనర్‌ని రప్పించారు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరుపడ్డ ఫోకె వుల్ఫ్-190 విమానం ఆయన డిజైనే. ఆయన స్వయంగా పైలట్ కూడా.

డిజైను కాగితం మీద బాగుంది. గాలిలో ఎలా ఉంటుందో తెలియాలి. అందుకని ముందుగా అసలు విమానమంత సైజులో, ఇంజను లేకుండా, చెక్కతో ఒక గ్లైడర్ చేశారు. దాన్ని డకోటా విమానం వెనక తాడుతో కట్టి పైకి లాక్కెళ్ళి వదిలేసేవారు. లోపల కూర్చుని దాన్ని కిందికి దించినవారు సురంజన్ దాస్ గారు. ఇంగ్లండులోని ఎంపైర్ టెస్ట్ పైలట్స్ స్కూల్లో శిక్షణ పొందిన మన వైమానిక దళ అధికారి. 1959-60లలో ఆ గ్లైడర్ 78 సార్లు ఎగిరింది. ప్రతిసారీ ఒక కొత్త విషయం పరీక్షించడం, దిగాక రాయడం, ఇంజనీర్లు చూసి సరిచేయడం. ఆ తర్వాతే 1961 జూన్ 17న అసలు మారుత్, జెట్ ఇంజన్లతో, ఆయన చేతుల మీదుగా బెంగుళూరులో మొదటిసారి ఎగిరింది.

కొత్త విమానం ఒక్కసారిగా గాలిలోకి లేవదు. మొదట ఇంజన్లు నేల మీద నడిపి చూస్తారు. తర్వాత రన్‌వే మీద మెల్లగా, ఆ తర్వాత వేగంగా పరుగెత్తించి బ్రేకులు చూస్తారు. మొదటిసారి ఎగిరినప్పుడు చాలావరకు చక్రాలు లోపలికి ముడవరు. పక్కన ఇంకో విమానం తోడుగా ఎగురుతూ బయటి నుంచి గమనిస్తుంది. కింద గదిలో ఇంజనీర్లు తెరల మీద అంకెలు చూస్తూ ఉంటారు. ఆ తర్వాత నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి, కొంచెం ఎక్కువ వేగం, కొంచెం ఎక్కువ ఎత్తు, కొంచెం గట్టి మలుపు. రెక్కలు అదురుతాయా, వేగం తగ్గితే ఎక్కడ పడిపోతుంది, ఇంజను ఆగితే మళ్ళీ వెలుగుతుందా, అన్నీ చూస్తారు. ఇక్కడిదాకా క్షేమం, ఇది దాటితే ప్రమాదం అని గీత గీస్తారు. స్క్వాడ్రన్‌లో కుర్ర పైలట్ ఆ గీత లోపల నిశ్చింతగా ఎగురుతాడు. ఆ గీత ఎక్కడుందో చూడడానికి దాని దాకా వెళ్ళి వచ్చినవాడు వేరే ఉన్నాడన్నమాట.

మారుత్‌కి మొదటినుంచీ ఇంజను కష్టమే. డిజైను ధ్వనికి రెట్టింపు వేగం కోసం. దానికనుకున్న బ్రిటిష్ ఇంజను పూర్తికాలేదు. తక్కువ శక్తి గల ఆర్ఫియస్ ఇంజన్లతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇంజను కోసం ఈజిప్టుతో కూడా చేతులు కలిపాం. ఆ రోజుల్లోనే, 1964 మార్చి 7న, ఈజిప్టువారి హెచ్.ఎ.-300 యుద్ధ విమానాన్ని మొట్టమొదట ఎగరేసింది మన టెస్ట్ పైలట్ కపిల్ భార్గవ గారే. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ ఇంజను కూడా చివరికి మనకి దక్కలేదు. దాంతో ఉన్న ఆర్ఫియస్ ఇంజనుకే రీహీట్ అమర్చి శక్తి పెంచాలని మనవాళ్ళు ప్రయత్నించారు. ఆ పరీక్షల్లోనే 1970 జనవరి 10న బెంగుళూరులో టేకాఫ్ సమయంలో విమానం కూలి గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ గారు మరణించారు. ప్రభుత్వం ఆయనకి మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చింది.

మరుసటి ఏడాది డిసెంబరులో యుద్ధం వచ్చింది. రాజస్థాన్ సెక్టార్‌లో మారుత్‌లు మన పదాతి దళానికి అండగా నేల మీది లక్ష్యాలను కొట్టాయి. కింది నుంచి తగిలిన కాల్పులకి ఒక ఇంజను పోయినా, రెండో ఇంజనుతో స్థావరానికి తిరిగి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఒక మారుత్ శత్రుభూమిలో సుమారు 240 కిలోమీటర్ల లోపలి నుంచి అలా ఒంటి ఇంజనుతోనే వచ్చింది. ఒక ఇంజను పోతే ఎంత వేగం నిలుపుకోవాలి, ఎలా దింపాలి అనేది పైలట్ ఆ క్షణాన కనిపెట్టేది కాదు. ముందే ఎవరో పరీక్షించి పుస్తకంలో రాసి ఉంచేది.

ఇక నా స్వంత అనుభవం. తొంభైలలో నేను అబ్జర్వేషన్ పోస్టు పార్టీతో సియాచిన్‌లో ఉన్నాను. కిరసనాయిలు, రేషను, ఇంటి నుంచి ఉత్తరాలు అన్నీ చీతా హెలికాప్టర్‌లో వచ్చేవి. ఒక రాత్రి మా పార్టీలో ఒక కుర్రాడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. తెల్లవారి వాతావరణం తెరపి ఇవ్వగానే చీతా వచ్చింది. చక్రాలు లేని ఆ కాళ్ళు మంచుకి ఆనించీ ఆనించకుండా నిలబెట్టి, రెక్క ఆపకుండానే వాణ్ణి ఎక్కించుకుని పోయింది. కుర్రాడు బతికాడు. ఆ పైలట్‌కి అప్పుడే మనసులో దండం పెట్టుకున్నాను. కానీ ఆ ఎత్తులో, అంత పల్చటి గాలిలో, ఇంత బరువుతో ఈ హెలికాప్టర్ దిగి మళ్ళీ లేవగలదు అని ముందుగా చూసినదెవరు అన్న ఆలోచన నాకు రాలేదు. మన సైన్యం అవసరాల కోసమే ఫ్రాన్సులో లామా పేరుతో దీన్ని తయారు చేశారట. 1969లో హిమాలయాల్లో జరిపిన పరీక్షల్లో 7,500 మీటర్ల ఎత్తున దిగి మళ్ళీ లేచిందట. మా కుర్రాడి ప్రాణానికి హామీ అన్నేళ్ళ ముందే రాసి ఉందన్నమాట!

తర్వాత మన దేశంలో ఈ పని ఒక పద్ధతిలోకి వచ్చింది. పరీక్షలకి బెంగుళూరులో వైమానిక దళం ప్రత్యేక సంస్థ, దానిలోనే టెస్ట్ పైలట్ల స్కూలు ఏర్పడ్డాయి. ధ్రువ్ హెలికాప్టర్ 1992లో ఎగిరింది. తేజస్ 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కోఠియాల్ గారి చేతుల్లో 18 నిమిషాలు ఎగిరింది. తేజస్ కంప్యూటర్ సాయం లేకుండా నిలకడగా ఎగరలేని రకం విమానం. 1998 పోఖ్రాన్ తర్వాత అమెరికా ఆంక్షలు పెడితే ఆ కంప్యూటర్ నియంత్రణ పని మనవాళ్ళే ఇక్కడ పూర్తి చేసుకున్నారు. ఆ ప్రాజెక్టుకి సారథ్యం వహించిన డాక్టర్ కోట హరినారాయణ గారు బరంపురంలో పుట్టినవారు. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్‌గా కూడా పనిచేశారు. మొదటిసారి ఎగిరిన 2001 నుంచి 2024 మార్చి వరకు ఒక్క తేజస్ కూడా కూలలేదంటే పరీక్షలు ఎంత ఓపికగా జరిగాయో ఊహించవచ్చు.

మన హైదరాబాదులో పెరిగి నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ గారు 1984లో అంతరిక్షానికి వెళ్ళకముందు, వచ్చాక కూడా టెస్ట్ పైలటే. 2021లో అంతరిక్షానికి వెళ్ళిన రాజా చారి, తండ్రి హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళినవారు, అక్కడ ఎఫ్-35 పరీక్షల్లో పనిచేశారు. 2025లో వెళ్ళొచ్చిన శుభాంశు శుక్లా గారిదీ అదే వృత్తి. కొత్త వాహనం ఎక్కించడానికి ఏ దేశమైనా ముందు వీళ్ళనే వెతుక్కుంటుంది.

కానీ ఈ దారిలో చెల్లించిన మూల్యం తక్కువ కాదు. 1999 జనవరి 11న అరక్కోణం దగ్గర రాడార్ అమర్చిన ఆవ్రో విమానం కూలి ఎనిమిది మంది అధికారులు, శాస్త్రవేత్తలు పోయారు. 2009 మార్చి 6న సరస్ విమానంలో, గాలిలో ఇంజను ఆపి మళ్ళీ వెలిగించే పరీక్ష జరుగుతుండగా వింగ్ కమాండర్లు ప్రవీణ్ కోటెకొప్ప, దీపేశ్ షా, స్క్వాడ్రన్ లీడర్ ఇళయరాజా మరణించారు. 2019 ఫిబ్రవరి 1న బెంగుళూరులో మిరాజ్ పరీక్షలో స్క్వాడ్రన్ లీడర్లు సమీర్ అబ్రోల్, సిద్ధార్థ్ నేగి పోయారు. ఇవేవీ యుద్ధం రోజులు కావు. మర్నాడు పేపర్లో ఒక వార్త, తర్వాత మరిచిపోవడం. వాళ్ళ ఇళ్ళల్లో మాత్రం యుద్ధంలో పోయినవారి ఇంట్లో ఉండే దుఃఖమే ఉంటుంది.

బెంగుళూరులో పాత ఎయిర్‌పోర్టు దగ్గర సురంజన్ దాస్ రోడ్డు ఉంది. ఒకప్పుడు పని మీద వెళ్ళి ఎన్నోసార్లు ఆ రోడ్డున ఆటోలో తిరిగాను. ఎవరో బెంగాలీ నాయకుడనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గనిపిస్తుంది.

ఈ మధ్య మేనల్లుడికి ఫోన్ చేసి జవాబు చెప్పాను. "ఆయనకి ఎవరూ నేర్పలేదురా. కొంచెం కొంచెంగా తనే నేర్చుకుని, వెనక వచ్చేవాళ్ళ కోసం రాసిపెట్టాడు" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మావయ్యా, ఆ పరీక్ష రాయాలంటే ఏం చదవాలి?" అన్నాడు. మా చెల్లెలు పక్కనుంచి కేకలేసింది గానీ నాకు మాత్రం సంతోషమే కలిగింది.

మన సభ్యుల్లో వైమానిక దళంలో, నౌకాదళంలో, ట్రయల్స్ యూనిట్లలో పనిచేసినవారు ఉన్నారు. గ్రౌండ్ సిబ్బందిగా ఆ విమానాలను సిద్ధం చేసినవారూ ఉన్నారు. రహస్యం కానంతవరకు మీ అనుభవాలు వచ్చే సంచికకి తెలుగులో రాయమని మనవి. మన పిల్లలు అడిగినప్పుడు నాలాగా నోరు వెళ్ళబెట్టకుండా ఉండడానికి అవి ఉపయోగపడతాయి.

జై హింద్.