గబ్బిలం చెవి, మా కారు చెవి

మా ఊరు మొరప్పూర్. రైలు దిగిన వాళ్ళను కారులో ధర్మపురికి, అరూరుకు తీసుకుపోవడం మా నాయన పని. ఆ కారు పాతది. కొన్నప్పుడే వెనక బంపర్‌లో రూపాయి బిళ్ళంత సెన్సర్లు నాలుగు బిగించి ఉన్నాయి. పోయిన వానల తరువాత వాటికి ఏమయిందో, రివర్స్ గేరు వేస్తే చాలు, వెనక ఏమీ లేకపోయినా కీ కీ కీ అని అరవడం మొదలుపెట్టాయి. నాయన వారం రోజులు ఓర్చుకున్నాడు. ఆ తరువాత వినడమే మానేశాడు.

ఒకరోజు సాయంత్రం మా చిన్నాయన కొడుకు, రెండేళ్ళవాడు, బంతి కోసం కారు వెనక్కి పోయినాడు. సెన్సర్ అరిచింది. ఎప్పుడూ అరిచేదే కదా అని నాయన కారు వెనక్కి తీసినాడు. అవ్వ కేక పెట్టి డిక్కీ మీద దబదబ కొట్టింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాయన అన్నం తినలేదు.

మరుసటి రోజు ఒక షాపులో చూపిస్తే కిట్టు మొత్తం మార్చాల అన్నారు. అంత డబ్బు అప్పుడు లేదు. "మనమే విప్పి చూద్దాం పాపా" అన్నాడు నాయన. విప్పే ముందు అది ఎట్ల పనిచేస్తుందో తెలియాల కదా! మా సైన్సు సార్‌ను అడిగితే, "కారుతో కాదు, గబ్బిలంతో మొదలుపెట్టు" అన్నారు. అట్ల మొదలుపెట్టిన వెతుకులాటే ఈ వ్యాసం.

1793లో ఇటలీలో లాజరో స్పల్లంజాని అనే శాస్త్రవేత్త చీకట్లో ఎగిరే ప్రాణులను పరీక్షించాడు. పూర్తి చీకటిలో గుడ్లగూబ గోడలకు కొట్టుకుంది. గబ్బిలం మాత్రం దేనికీ తగలకుండా తిరిగింది. కళ్ళు పోగొట్టినా అట్లే తిరిగింది (ఇది చదివినప్పుడు నాకు ఆయన మీద కోపం వచ్చింది). మరుసటి సంవత్సరం జెనీవాలో లూయీ జురీన్ గబ్బిలాల చెవులు మూసి వదిలాడు. అప్పుడు అవి అడ్డం వచ్చిన వాటినల్లా గుద్దుకున్నాయి. అంటే దారి చూపేది చెవే. కానీ ఆ చెవి వినే శబ్దం మనిషికి వినపడదు. వినపడనిదాన్ని ఎవరు నమ్ముతారు? ఫ్రాన్సులో ఎంతో పేరున్న జార్జ్ కువియే, గబ్బిలానికి దారి తెలిసేది స్పర్శతోనే అన్నాడు. పెద్దాయన మాటే నిలిచింది. జురీన్ చెప్పింది నిజమని తేలడానికి దాదాపు నూట నలభై ఏళ్ళు పట్టింది.

దాన్ని తేల్చినవాడు అమెరికాలో హార్వర్డ్‌లో చదువుకుంటున్న డొనాల్డ్ గ్రిఫిన్. మనిషి చెవికి అందని శబ్దాలను పట్టే యంత్రం అక్కడ పియర్స్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుని దగ్గర ఉండేది. 1938లో గ్రిఫిన్ గబ్బిలాలను తీసుకుపోయి ఆ యంత్రం ముందు పెట్టాడు. మౌనంగా ఉన్నాయనుకున్న గబ్బిలాలు నిజానికి అరుస్తూనే ఉన్నాయి! రాబర్ట్ గలాంబోస్‌తో కలిసి ఆయన దీని గురించి ప్రకటించిన వ్యాసం 1941లో వచ్చింది. మన జాషువా గారి 'గబ్బిలం' వచ్చింది కూడా ఆ సంవత్సరమే. ఒకదానికొకటి సంబంధం లేదు గానీ నాకు సంతోషం వేసింది.

గబ్బిలం గుట్టు బయటపడక ముందే మనుషులు ఆ పనిని సముద్రంలో చేశారు. 1880లో ఫ్రాన్సులో జాక్ క్యూరీ, పియర్ క్యూరీ అనే అన్నదమ్ములు క్వార్ట్జ్ వంటి స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుక్కున్నారు. విద్యుత్తు ఇస్తే ఆ స్ఫటికం కదులుతుంది కూడా. మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్ లాంజెవిన్ ఆ క్వార్ట్జ్‌తోనే నీళ్ళలోకి అతిధ్వని పంపి, దాని ప్రతిధ్వనితో జలాంతర్గాములను వెతికే పద్ధతి తయారుచేశాడు. ఆ విద్య కారు వెనక్కి రావడానికి మరో అరవై ఏళ్ళకు పైగా పట్టింది. 1982లో జపాన్‌లో టొయోటా కరోనా కారుకు దీన్ని పెట్టారు. మన దేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు వెనక సెన్సర్ తప్పనిసరి చేశారు.

లెక్క కూడా కష్టం కాదు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గోడ ఒక మీటరు దూరంలో ఉంటే పోయి రావడానికి 2 మీటర్లు, అంటే సుమారు 6 మిల్లీసెకన్లు. డిక్కీలోని చిన్న డబ్బా ఆ సమయాన్ని కొలిచి, తక్కువయ్యేకొద్దీ తొందర తొందరగా కీ కీ అంటుంది.

ఆదివారం పని మొదలుపెట్టాము. నాయన హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్ళు పెట్టి, ఇంజన్ ఆఫ్‌లో ఉంచి తాళం మాత్రం తిప్పి రివర్స్ గేరు వేసినాడు. నేను ఒక్కో సెన్సర్ దగ్గర చెవి పెట్టినాను. అతిధ్వని వినపడదు, కానీ అది పుట్టేటప్పుడు సన్నగా టిక్ టిక్ అని వినిపిస్తుంది. మూడు బాగానే పలికాయి. ఎడమ చివరది మాత్రం ఒకసారి పలికి, మరోసారి ఊరుకుంది.

తాళం తీసేసి, డబ్బాలో దాని ప్లగ్గును పక్కదానితో మార్చి పెట్టి చూశాము. జబ్బు ఆ వైరు వెంటే పోయింది. అంటే డబ్బా మంచిదే, కిట్టు మొత్తం మార్చే పని లేదు! వైరు పట్టుకొని పోతే బంపర్ వెనక అతుకు దొరికింది. విప్పితే లోపల నీళ్ళ చెమ్మ, రాగి మీద పచ్చటి తుప్పు. పాత టూత్‌బ్రష్‌తో, సాండ్ పేపర్‌తో శుభ్రం చేసి, ఎండలో ఆరబెట్టి, టేపు గట్టిగా చుట్టాము. అయిన ఖర్చు టేపు ఒక్కటే.

తరువాత బకెట్ పెట్టి చూశాము, పలికింది. నేను నిలబడ్డాను, పలికింది. మెత్తటి గుడ్డ ధ్వనిని పీల్చుకుంటుందని చదివినది గుర్తొచ్చి, అవ్వ దుప్పటిని తాడు మీద వేలాడదీసినాను. చాలా దగ్గరకు వచ్చేదాకా సెన్సర్ నోరు మెదపలేదు. నాయన దుప్పటిని, సెన్సర్‌ను మార్చి మార్చి చూసినాడు. ఇప్పుడు సెన్సర్ బాగానే ఉంది. అయినా కారు వెనక్కి తీసేటప్పుడు మొదట "అమ్మా, చిన్నోడు ఏడీ?" అని అవ్వను అడుగుతాడు. అవ్వ వాణ్ణి చంకన ఎత్తుకొని చూపించినాకే గేరు వేస్తాడు.